ఎడమ అరికాలు

"మూడు వేల దగ్గర వణుకుతోందమ్మా" అన్నాడు ఇద్వల్,
తాళంచెవి బల్ల మీద పెట్టి, తడిసిన టోపీ దులుపుతూ.
బయట వాన.
ఈ వేల్స్ కొండల్లో వాన పడుతోందని చెప్పడం
పలక నల్లగా ఉందని చెప్పడం లాంటిది.

బండి చిన్నది. ఆకుపచ్చది. ఇద్దరికే చోటు.
దానికీ నాకూ ఒకటే వయసు.
డెబ్భై రెండేళ్ల మనిషి అందులోకి దిగడమంటే
చేద బావిలోకి దిగినట్టు,
ఆగి, ఆగి, ఒక చిన్న చప్పుడుతో.

నలభై ఏళ్లు చాపెల్‌లో ఆర్గన్ వాయించాడు.
చేతులు పై స్వరాలకి, పాదాలు కింది స్వరాలకి.
చాపెల్ అమ్మేశారు, ఇప్పుడది తివాచీల గోదాము.
పాదాలు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి.
"కాళ్లతో వాయించినవాడికి పెడల్ అబద్ధం చెప్పదు" అంటాడు.

క్లచ్ మాట్లాడే మాటలు నాకు కొన్ని తెలుసు.
బేరింగు అరిగితే కాలు మోపగానే కీచుమంటుంది,
గొంతులో ముల్లు దిగిన పిల్లిలా.
గొట్టంలో గాలి చేరితే మెత్తబడుతుంది, నానిన రొట్టెలా.
ప్లేటుకి నూనె అంటిందా,
సరిగ్గా పట్టే చోట మొరాయిస్తుంది, దడదడ, గుర్రం.
ఆయన చెప్పింది వీటిలో ఏదీ కాదు.
"సన్నగా ఉంటుంది నెరిస్.
అందరూ వెళ్లిపోయాక, కింది స్వరం ఆపేశాక,
బెంచీ కొయ్యలో కాసేపు మిగిలేదే,
అలాంటిది."

మొదటి వారం ద్రవం మార్చాను.
రెండో వారం గేర్‌బాక్సు దించి కొత్త బేరింగు వేశాను.
ఫ్లైవీలు బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది,
నా రెండు చేతులూ లాగేసే బరువు.
వేసిన ప్రతిసారీ కనుమ దాకా వెళ్లొచ్చాడు.
ప్రతిసారీ అదే తల ఊపు.
"ఉంది. ఇంకా ఉంది."

మూడోసారి బూటు విప్పాను. మేజోడు కూడా.
చల్లటి ఇనుము మీద ఒట్టి అరికాలు పెట్టి
ముల్లుని మూడు వేలకి తెచ్చి, కళ్లు మూసుకున్నాను.
ప్రతి యంత్రానికీ ఉండే గురగుర.
అంతే.
నిద్రపోయే కుక్క పొట్ట మీద చెయ్యేసినట్టుంది.

"మీరు కూర్చోండి. తొక్కి పట్టండి."
తలుపు పక్కన మోకాళ్ల మీద కూలబడి
పెడల్ కాడ పట్టుకున్నాను. అదురుతోంది.
తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను.
రేకుల మీద వాన.
అదురు ఆగలేదు.

పైకి తడిమాను. బూటు. చీలమండ.
ఊలు పంట్లాం కింద పిక్క,
దారం కట్టిన తుమ్మెదలా.

చాలాసేపు అద్దంలోంచి నా షట్టర్ వైపే చూశాడు.
"తెలుసు" అన్నాడు.
"ముందు బండిలో వెతికిద్దామని."

ఏమనాలి?
నా గోడకి వేలాడే పానాలన్నీ
మిల్లీమీటర్ల లెక్కవి.

బిల్లులో ద్రవం ఒక్కటే రాశాను.
కలం లాక్కుని, బేరింగూ ఫ్లైవీలూ ఆయనే చేర్చాడు.
చెయ్యి వణకలేదు.
ఏడు అంకెకి నడుమ అడ్డగీత కూడా గీశాడు, నిదానంగా.

వెనక్కి తీసి రోడ్డెక్కించాడు,
డాష్‌బోర్డు మీద నిండు టీ కప్పున్నా తొణికేది కాదు.
పోస్టాఫీసు మలుపులో ఒక్కసారి ఎగిరి, ఆగిపోయింది.
వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ.
మళ్లీ కదిలింది.

ఒక కాలికే బూటుతో నిలబడి ఉన్నాను.
సిమెంటు గచ్చు మీద నా ఎడమ అరికాలికి
కొండెక్కుతున్న బండి తెలుస్తోందనిపించింది:
రెండో గేరు,
మూడు,
ఆ తర్వాత వానో, మరేదో.